కొండ అవతలి వాన

మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చేసరికి మా ఊళ్లో గాలి మొదలవుతుంది. ఆరేసిన చీరను కంపచెట్టు మీదికి ఎత్తుకుపోయే గాలి. పొయ్యి మీది సంగటిలోకి ఎర్రమట్టి తెచ్చి కలిపే గాలి. దాని వెంట పడమటి నుంచి మబ్బులు వస్తాయి. నల్లటివి కావు. ఏకిన దూదిలా తెల్లగా, పలుచగా ఉంటాయి. ఇక్కడ ఆగే పనేమీ లేనట్టు మా తలల మీదుగా తూర్పుకు సాగిపోతాయి. విత్తనానికి వేరుశనగ ఒలిచి సంచిలో కట్టిపెట్టుకుని, దున్నిన చేను వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూస్తూ కూర్చోవడమే ఆ రోజుల్లో మా పని.

మా నాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని మబ్బులను తిట్టేవాడు.

"పోండి, పోండి. మా ఊర్లో ఏముండాది మీకు? కడపోళ్లు పెండ్లి భోజనాలు పెడతాండారంట, పోయి తినండి."

పక్కింటి ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. కాసేపటికి తల తిప్పి గుట్ట మీద తిరిగే ఫ్యాన్ల వైపు చూసేవాడు. అక్కడి నుంచి తిట్లు మా తమ్ముడి మీదికి మళ్లేవి.

పుస్తకాల్లో గాలిమరలు అని రాస్తారు. మా ఊళ్లో మాత్రం ఫ్యాన్లే. మా ఊరికి పడమట ఉన్న గుట్టల వరస మీద వాటిని నిలబెట్టారు. గుట్ట కింద మాకు కొంత గులకరాళ్ల నేల ఉండేది. తంగేడు తప్ప ఇంకేమీ మొలవని నేల. అది తమ్ముడి పేరు మీద ఉంది. కంపెనీవాళ్లు వచ్చి అడిగితే వాడు ఒప్పుకుని సంతకం పెట్టాడు. నాయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. అయినా ఊరుకున్నాడు. ఫ్యాను లేచింది. రెక్కలు తిరిగాయి. ఆ ఏడు ముంగారు వానలు, అంటే తొలకరి, రాలేదు. మరుసటి ఏడు కూడా రాలేదు.

ఫ్యాన్లు మబ్బులను తరిమేస్తున్నాయని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు చదివేవాళ్లకు నవ్వు రావచ్చు. ఉడుకు సంగటి మీద చేటతో విసిరితే ఆవిరి చెదిరిపోవడం రోజూ చూసేవాళ్లం మేము. కొండంత చేటలు పగలూ రాత్రీ ఆకాశంలో విసురుతుంటే మబ్బు నిలుస్తుందని ఎట్లా నమ్మాలి?

తమ్ముడు మాత్రం నమ్మలేదు. వాడిది గొర్రెల మంద. మా వైపు గొర్రెలను జీవాలు అంటారు. వేసవిలో మేత అయిపోతే వాడు జీవాలను తోలుకుని కన్నడ సీమ గుండా, అక్కడ మలెనాడు అనే పడమటి కొండల అడుగు దాకా వెళ్లేవాడు. రెండో ఏడు కూడా విత్తనాలు సంచిలోనే ఉండిపోయిన ఆ రోజు, నాయన వాణ్ని అరుగు ముందు నిలబెట్టి అడిగాడు.

"ఏమప్పా, ఊరి నోట్లో మన్ను కొట్టినావు గదా. ఇప్పుడు సల్లగుండాదా నీకు?"

"నాయనా, నేను కొండ దాకా పోయి చూసినా. వాన ఆ పక్కనే పడిపోతాది. మబ్బు కొండ ఎక్కేలోపల ఉన్నదంతా ఆడనే కురుస్తాది. ఈ పక్కకి ఉత్త గాలే దిగుతాది. ఫ్యాన్లు లేనప్పుడు గూడా అంతే."

"గొర్రెల ఎనక పోయేటోడివి, నువ్వు నాకు మబ్బు గురించి చెప్తావా?"

"చూసింది చెప్తాండా."

"చూసింది చాలు. ఆ ఫ్యాను కూలదోసి రా. అంతవరకూ నా గడప తొక్కొద్దు."

"కూలదోసేకి నేను నిలబెట్టినానా దాన్ని?" అన్నాడు తమ్ముడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం తినలేదు. తెల్లారి భార్యనూ మందనూ తీసుకుని మడకశిరలో అత్తవారింటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తరవాత ఎన్ని ముంగార్లు వెళ్లాయో. మా ఆయన పోయాక నేను నాయన దగ్గరే ఉంటున్నాను. కూతురు ధర్మవరంలో మగ్గం నేస్తుంది. తమ్ముడు నాకు ఫోను చేసేవాడు. అది మోగగానే నాయన ఆకూ వక్కా తీసుకుని నా పక్కకు జరిగి కూర్చునేవాడు. ఎవరని అడిగేవాడు కాదు. నేను లేచి వాకిట్లోకి పోబోతే మాత్రం, "ఎండలోకి యాడికి పోతావు, ఈడనే మాట్లాడు" అనేవాడు. అటు తమ్ముడు, "నాయన ఏం చేస్తాండాడక్కా?" అని అడిగేవాడు. "వక్క కొరుకుతాండాడు" అనేదాన్ని. ఇద్దరి మధ్యా నేనొక వైరులా ఉండేదాన్ని. ఒక్క మాట కూడా ఆ వైరు గుండా దాటేది కాదు.

ఒక చలికాలంలో నాయనకు ఆయాసం పట్టుకుంది. అరుగు దిగి బావి దాకా నడిస్తే ఎగశ్వాస వచ్చేది. కదిరిలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, గుండె బాగా అలిసిపోయిందని, వయసు కూడా అయిందని, చూడాల్సినవాళ్లు ఉంటే వచ్చి చూసిపోతే మంచిదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. చూడాల్సినవాడు ఒక్కడే. వాణ్ని గడప దాటనియ్యాల్సినవాడు ఈయన.

అప్పటికి నేను అక్షరాలు నేర్చుకుని రెండేళ్లయింది. ఉపాధి పని నుంచి వచ్చాక మధ్యాహ్నం పూట అంగన్‌వాడీ గదిలో మా ఆడవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. మా ఊరి కోడలు ఒకామె, డిగ్రీ చదివిన పిల్ల, టీచరమ్మగా ఉండేది. మా చేతులు గడ్డపారకు అలవాటైనవి. బలపం పట్టుకుంటే విరిగిపోయేది. మొదట నా పేరు, తరవాత బస్సు బోర్డులు, ఆ తరవాత రేషను షాపు గోడ మీది రాతలు. అవి అయిపోయాయి అంటే టీచరమ్మ బడి పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. వాటిలో సాంఘికశాస్త్రం పుస్తకం ఒకటి. బొమ్మలు ఎక్కువ ఉన్నాయని దాన్ని పట్టుకున్నాను.

మన కాళ్ల కింది నేల ఒకే ముక్క కాదని అందులో ఉంది. పగిలిన పెంకులా కొన్ని పెద్ద ఫలకాలుగా ఉందని, లోపలి వేడికి మెత్తబడిన రాతి మీద ఆ ఫలకాలు కదులుతూ ఉంటాయని ఉంది. ఆ వాక్యం దగ్గర వేలు ఆపి మళ్లీ మొదటి నుంచి చదివాను. అప్పట్లో నాకు ఏదైనా వింతగా అనిపిస్తే, పుస్తకం తప్పనుకునేదాన్ని కాదు, నేనే తప్పు చదివాననుకునేదాన్ని.

టీచరమ్మను అడిగాను. "పాలు కాగేటప్పుడు మీగడ ఏం చేస్తుంది అక్కా?" అంది ఆమె.

"ముక్కలై అటూ ఇటూ జరుగుతుంది."

"అంతే. మనమంతా ఆ మీగడ మీద ఉన్నాం."

ఆ పూట ఇంటికి వస్తూ అడుగులు చూసి వేశాను. నేల ఎప్పటిలాగే ఉంది.

మన దేశం ఒకప్పుడు ఆఫ్రికాతో, ఇంకా కొన్ని నేలలతో కలిసి ఉండేదట. తరవాత విడివడి ఉత్తరానికి నడిచిందట. నడిచే దారిలో దాని పడమటి పక్క నుంచి మడగాస్కర్ అనే పెద్ద ముక్క తెగిపోయింది. ఆ పేరు కూడబలుక్కోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఇంకో పాఠంలో పడమటి కనుమల గురించి ఉంది. ఈ రెండు పాఠాలనూ కలిపి చెప్పింది టీచరమ్మే. పెనం మీద రొట్టె విరిగితే విరిగిన అంచు పైకి లేస్తుంది కదా, అట్లా నేల తెగినచోట అంచు లేచిందట. అవే ఆ కొండలట. సముద్రం మీది నుంచి నీళ్లు మోసుకొచ్చే మబ్బులు ఆ కొండలకు తగిలి, పైకి ఎక్కుతూ ఎక్కుతూ చల్లబడి, మోత దించినట్టు నీళ్లన్నీ ఆ పక్కే కుమ్మరిస్తాయి. ఇటు దిగేది తడి ఆరిన గాలి. మా జిల్లా ఆ కొండల వాన నీడలో ఉందట. నీడ అంటే చల్లగా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇంకొక మాట కూడా చెప్పింది టీచరమ్మ. "ఆ గాలి ఉంది కాబట్టే ఫ్యాన్లు మన దగ్గరికి వచ్చాయి అక్కా. ఫ్యాన్లు వచ్చి గాలి పుట్టలేదు."

నాకు తమ్ముడి మాటే చెవిలో వినిపించింది. ఈ పక్కకి ఉత్త గాలే దిగుతాది. పుస్తకం ముఖం చూడనివాడు, కొండ కింద నిలబడి తలెత్తి చూసి చెప్పిన మాట. పుస్తకం కొంగు కింద పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. నాయన ఇది వింటే వాణ్ని పిలుస్తాడు. నా ఆశ అంతే. వింటే చాలు.

"నాయనా, ఒక పాఠం చదువుతా, వింటావా?"

"భారతమా?"

"కాదు. భూమి గురించి."

"భూమి గురించి నాకు చెప్తావా? దున్నింది నేనా, ఆ పుస్తకం రాసినోడా?"

అన్నాడే గాని కాళ్లు ముడుచుకుని నాకు చోటిచ్చాడు. నేను వేలు పెట్టుకుని ఒక్కొక్క మాటా చదివాను. నేల నడుస్తుందన్న దగ్గర నన్ను ఆపాడు.

"నడుస్తాందా? యాడికి?"

"ఉత్తరానికి."

"ఎంత బిరీన?"

"గోరు పెరిగినంత మెల్లగా."

ఆయన తన బొటనవేలి గోరు వైపు చూసుకున్నాడు. చాలాసేపు లెక్క వేసినట్టు చూశాడు. "అట్లయితే నేను పుట్టినప్పట్నించి మన చేను రెండు బారలు పోయింటాది. సరిహద్దు రాయి జరిపినాడని పక్క చేనోడితో ఊరికే కొట్లాడితిమే!"

"వాడి చేను గూడా నడిచింటాది గదా నాయనా."

"అదీ నిజమే. దొంగనాకొడుకు, వాడూ తోడే వచ్చినాడు."

మన నేల వెళ్లి ఇంకొక నేలను గుద్దుకుందని, గుద్దుకున్నచోట ముడతలు పడి హిమాలయాలు లేచాయని చదివాను.

"ఎనుములు తలకాయలు పెట్టుకున్నట్టా?"

"అట్లే."

"ఎవరూ విడిపించలేదా?"

"లేదంట. ఇంకా తోసుకుంటానే ఉండాయంట."

ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నేను పడమటి కనుమల పాఠం తీశాను. సగం చదివేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"ఇది వాడు నేర్పిచ్చినాడా నీకు?"

"పుస్తకంలో ఉండాది నాయనా. చూడు, ఈడ."

"నాకు చూపిస్తే ఏం తెలుస్తాది? ఆ ఫ్యాన్లోళ్లే పుస్తకమోళ్లకి దుడ్లిచ్చింటారు. మూసెయ్ దాన్ని."

మూశాను. అయినా మరుసటి రోజు మధ్యాహ్నం నేను అంగన్‌వాడీ నుంచి రాగానే, "ఆ మీగడ పాఠం తేలేదా?" అన్నాడు. అట్లా రోజూ సాగింది. నేల విడిపోవడం, నడవడం, గుద్దుకోవడం ఆయనకు కథలా నచ్చాయి. కొండా వానా వచ్చే చోటికి చేరగానే అటు తిరిగి పడుకునేవాడు. ఒకసారి మాత్రం పడుకుని కూడా అడిగాడు.

"ఆ తెగిపోయిన ముక్క పేరేంది?"

"మడగాస్కర్."

"ఇప్పుడు యాడుండాది అది?"

"సముద్రంలో. ఆఫ్రికా పక్కన."

"మళ్లీ రాదా?"

"రాదంట నాయనా."

 నేను పుస్తకం పక్కన పెట్టి ఆయన కాళ్లు ఒత్తాను.

ఉగాది వెళ్లింది. వేప పూత రాలి కాయ పడింది. ఆయాసం ఎక్కువైన ఒక మధ్యాహ్నం ఆయనే ఆ పాఠం ఎత్తాడు. అడిగిన తీరు చూస్తే చాలా రోజులు లోపల నలిగిన మాటలా ఉంది.

"కొండలు ఎప్పుడు లేచినాయి? నేను పుట్టకముందేనా?"

"కోట్ల ఏండ్ల ముందర."

"మరి నా చిన్నప్పుడు వానలెట్ల పడినాయి? కొండ అడ్డమొచ్చేది నిజమైతే అప్పుడూ రాకూడదు గదా. ఫ్యాన్లు వచ్చినాకనే గదా పోయినాయి?"

 కొన్ని ఏళ్లు మబ్బు మిగుల్చుకుని వస్తుందని, కొన్ని ఏళ్లు రాదని టీచరమ్మ చెప్పింది గాని, ఆ మాట ఆయనకు చాలదు. నాకు ఆయన చెప్పిన కథే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మేము అన్నం పారేయకుండా ఉండటానికి ఆయన చెప్పే కథ.

"నువ్వే గదా నాయనా చెప్పేది, నీ చిన్నప్పుడు కరువులో గంజి కేంద్రం ముందర ముంత పట్టుకుని నిలబడినావని. బావుల్లో చెంబు మునగలేదని. అప్పుడు ఫ్యాన్లు ఉన్నాయా?"

 నాయన మీద ఈగ తిరుగుతుంటే తోలుకోను కూడా తోలుకోలేదు. అరుగు కింది మట్టితో చెబుతున్నట్టు, మెల్లగా మొదలుపెట్టాడు.

"అప్పుడు ఫ్యాను లేదు. మా చిన్నమ్మ ఉండె. మా చిన్నాయన కొత్తగా చేసుకొచ్చినాడు ఆమెను. ఆమె ఇంట్లో కాలు పెట్టిన ఏడే వాన పోయిందని మా నాయనోళ్లు పుట్టింటికి తోలేసినారు. మూట నెత్తిన పెట్టుకుని ఆ దావన పోయింది. నాకు బెల్లం ముక్క పెట్టేది ఆమె. నేను గుట్ట దాకా ఎంబడే పోయినా."

"తరవాత?"

"తరవాతేముండాది. వానేమైనా వచ్చిందా? ఆమె గూడా రాలేదు. బతికిందో లేదో తెల్దు." కొంగు అంచులాగా తువ్వాలు అంచును వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. "ఆ పక్కన కొండొకటి ఉండాదని చెప్పేటోడు ఎవడుండాడు మ్మే అప్పుడు? ఎవురో ఒకర్ని అనాల గదా."

 ఇంకొక మాట వస్తుందని నాకు తెలుసు. నీళ్లు అడిగాడు. తాగాడు. చెంబు కింద పెట్టి, ఎటో చూస్తూ అన్నాడు:

"జీవాలు ఇప్పుడు యాడ మేస్తాంటాయి?"

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేశాను. వాడు సంతోషపడతాడనుకున్నాను. అంతా విని అటు నుంచి అన్నాడు.

"నేను కండ్లతో చూసి చెప్తే నమ్మలేదు. ఇప్పుడు పుస్తకం చెప్పిందని నమ్ముతాండాడా?"

"నమ్మినాడు గదరా. అది చాలదా?"

"చాలదక్కా. ఆయప్పను నోరు తెరిచి పిలవమను."

ఫోను నాయన చెవి దగ్గర పెట్టాను. ఆయన చేత్తో తోసేశాడు. "మొగం కనపడకుండా ఏం మాట్లాడేది? గోడతో మాట్లాడినట్టు." అటు తమ్ముడు అది విన్నాడు. ఫోను పెట్టేశాడు. నేను మధ్యలో నిలబడి ఇద్దరినీ తిట్టాను. నాకు తిట్టడం నాయనే నేర్పాడు.

తెల్లారి లేచేసరికి ఆయన కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు.

"మడకశిరకు బస్సు ఎన్నింటికి?"

"డాక్టరు నిన్ను కదిలించొద్దన్నాడు."

"డాక్టరు కొడుకు వాడి ఇంట్లో ఉండాడు. పా."

కదిరి నుంచి హిందూపురం, అక్కడి నుంచి మడకశిర. బస్సు బోర్డులు నేనే చదివాను. కిటికీ పక్కన కూర్చున్నాడు నాయన. దారి పొడవునా గుండ్ల గుట్టలు, ఒకదాని మీద ఒకటి పెట్టినట్టున్న బండలు. "వీటి సంగతి ఉండాదా నీ పుస్తకంలో?" అన్నాడు. ఉంది. ఇవి వందల కోట్ల ఏళ్ల నాటివి, వీటి ముందు హిమాలయాలు నిన్న మొన్న లేచినవి అని చెప్పాను. "అంత పాత నేల మనది. దాహం వేయకుండా ఎట్లుంటాది" అని కళ్లు మూసుకున్నాడు.

మరదలు మమ్మల్ని చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. తరవాత చెంబుతో నీళ్లు తెచ్చి మామ కాళ్లు కడిగింది. తమ్ముడు లేడు. మంద మలెనాడు కొండల కింద ఉంది.

"ఎప్పుడొస్తాడు పాపా?" అన్నాను.

"ఆడ మళె మొదలైతే తిరుగుతారు వదినా. వానలో తడిసిన నేల మీద నిలబడితే జీవాల గిట్టలు కుళ్లిపోతాయి గదా. మళె పడేంతవరకూ మేత వదిలి రారు." ఆమె మాటలో సగం కన్నడమే. మళె అంటే వాన.

"బస్సెక్కి రమ్మని చెప్పు. నాయన వచ్చినాడని చెప్పు."

నాయన అడ్డం పడ్డాడు. "చెప్పొద్దు. ఈనే జీవాలుంటాయి మందలో. ఇంకొకనికి అప్పజెప్పి వస్తే నేనే తిడతా వాణ్ని. ఉంటాం లే."

అట్లా మేము మడకశిరలో ఉండిపోయాం. నాయన పొద్దున లేవగానే అడిగేవాడు, "ఆడ వాన పడిందంటనా?" మరదలు ఎవరినో ఒకరిని కనుక్కుని లేదనేది. టీ తాగి మళ్లీ అడిగేవాడు. మందలున్న ఇళ్లకు పోయి మగవాళ్లను అడిగేవాడు. పుట్టినప్పటి నుంచి ఆకాశాన్ని మా చేను మీద కురవమని అడిగిన మనిషి, ఇప్పుడు ఎవరిదో కొండ మీద, ఎవరిదో అడవి మీద వాన పడాలని కూర్చున్నాడు. మబ్బులు మా నెత్తి మీదికి రాకుండా అక్కడే అయిపోవాలని. ఇటు గాలి లేచిన రోజు, "ఇంక పడతాదిలే, పడతాది" అని నాకు ధైర్యం చెప్పాడు.

ఆయాసం తగ్గలేదు. రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నేను పక్కన పడుకుని ఆయన ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. పడవే తల్లీ అని నేను కూడా ఆ కొండను అడిగేదాన్ని. మాకు రాకపోయినా సరే, అక్కడ పడు.

ఒక మధ్యాహ్నం మరదలి ఫోను మోగింది. ఆమె విని, మాట్లాడకుండా తెచ్చి నాయన చేతికిచ్చింది. ఈసారి ఆయన తోసెయ్యలేదు. నాక్కూడా వినిపిస్తోంది. మొదట మాటలేవీ లేవు. పెద్ద గంగాళంలో వేరుశనగ కాయలు కుమ్మరిస్తున్నట్టు ఒకటే చప్పుడు, ఆగకుండా. దాని వెనక ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి.

"మ్మే, పట్టుకున్నాది మళె," అని తమ్ముడి గొంతు అరిచింది. ఫోను భార్య చేతిలో ఉందనుకుంటున్నాడు. "కంబళి తడిసి మోయలేకుండా ఉండాను. రేపు మంద తిప్పుతాం. వినపడతాందా?"

"వినపడతాంది" అన్నాడు నాయన.

అటు వాన చప్పుడు మాత్రమే. 

"నాయనా?"

"బిరీన తోలొద్దు. ఈనేటివి నడవలేవు. మెల్లగా రా."

ఫోను నాకిచ్చేసి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ రోజు అడిగి మరీ రెండు ముద్దలు తిన్నాడు.

గొర్రె నడక. కొండ కింద నుంచి మడకశిరకు మంద మేసుకుంటూ రావాలి. ప్రతి ఊరి పేరూ తమ్ముడు ఫోనులో చెప్పేవాడు, నాయన ఆ పేర్లు నా చేత కాగితం మీద రాయించి గోడకు అంటించమన్నాడు. చదవడం రాకపోయినా రోజూ దాని ముందు నిలబడేవాడు. అంతసేపు నిలబడగలిగింది కూడా ఆ కొన్ని రోజులే.

వాడు వచ్చిన పొద్దు నాయన మంచం మీద ఉన్నాడు. లేవలేకపోయాడు. తమ్ముడు గుమ్మంలో ఆగాడు. గడ్డం పెరిగి, ఎండకూ వానకూ నల్లబడి ఉన్నాడు. కంబళి మీద పచ్చి ఉన్ని వాసన. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గడప అవతలే నిలబడ్డాడు. అది వాడి ఇల్లే.

"ఎన్ని పోయినాయి?" అన్నాడు నాయన.

"ఏమీ పోలేదు నాయనా. మూడు ఈనినాయి."

"గిట్టలు?"

"బాగుండాయి."

"మరి ఆడనే నిలబడినావేం? రా."

వాడు వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. నాయన చెయ్యి వాడి కంబళి మీద పడింది.  ఫ్యాను మాట ఎవరూ ఎత్తలేదు. నాకు ఉండబట్టక, సంచిలోంచి పుస్తకం తీసి ఆ పాఠం తెరిచాను. వాడికి చదివి వినిపించాలని, వాడు అన్నది నిజమని అందరి ముందూ గట్టిగా అనాలని నాకు.

నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పుస్తకం పెట్టెయ్ మ్మే. చూసినోడు వచ్చినాడు." తమ్ముడి వైపు తిరిగాడు. "చెప్పురా. ఆ కొండ మీద వాన ఎట్ల పడతాదో చెప్పు."

తమ్ముడు మొదలుపెట్టాడు. పొద్దున కొండ కనపడదన్నాడు. మబ్బు దిగి చెట్ల మధ్యకు వచ్చి పశువులా నిలబడుతుందన్నాడు. వాన రాకముందే రాళ్లు చెమ్మగిల్లుతాయని, నిన్నటిదాకా పొడిగా ఉన్న బండ గోడల మీద ఒకేసారి నూరు దారుల్లో నీళ్లు దిగుతాయని, పక్కనున్న మనిషి మాట వినపడదని చెప్పాడు. మరదలు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది. నాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆయన పెదవులు తడి చేసుకోవడం నేను చూశాను.

మధ్యలో ఒక్కసారి మాత్రం కళ్లు తెరవకుండానే అడ్డం పడ్డాడు.

"మెల్లగా చెప్పురా. ఏం తొందర."